గేటుకి తెలిసిన ముఖం

మనిషికి ముఖం ఒక్కటే ఉంటుందనే అపోహని చైనాలోని ఒక చిన్న నగరంలో, ఒక అపార్ట్‌మెంటు గేటు ఈ ఏడాది శాశ్వతంగా తొలగించింది. ఈ ఘనకార్యంలో బర్మాలోని యాంగాన్ (పాత రంగూన్) నగరం, అహ్లోన్ రేవు పక్క వీధిలో ఉండే మా పొరుగింటివారి పాత్ర ఉన్నందుకు తెలుగువాళ్ళందరూ గర్వపడవచ్చు. (గర్వానికి ఇంకా పర్మిట్ పెట్టలేదు.)

మా వీధిలో కుటుంబాలు రెండు తరగతులు. పిల్లలు విదేశంలో ఉన్నవాళ్ళు, పెళ్ళిళ్ళలో వెనక వరుసలో కూర్చునేవాళ్ళు. సత్యారావుగారూ తాయారుగారూ చాలాకాలం వెనక వరుసలో కూర్చున్నారు. ముందు వరుసకి రావాలంటే విదేశం కావాలి, అదీ చవగ్గా కావాలి. చివరికి వాళ్ళమ్మాయి రాధాకుమారికి చైనాలో ఒక పళ్ళ కంపెనీలో బర్మీస్ ఉత్తరాలు రాసే ఉద్యోగం దొరికింది. ఆ ఊరి పేరు మా వీధిలో ఎవరి నోటికీ లొంగలేదు కాబట్టి అందరం ‘ఆ ఊరు’ అంటాం. అద్దె తక్కువ, లిఫ్టు ఉంది, కరెంటు పోదు. (మా వీధిలో పలకరింపంటే ‘కరెంటొచ్చిందా?’ అనే. మరి అక్కడివాళ్ళు పొద్దున్నే ఒకరినొకరు ఏమని పలకరించుకుంటారో తెలియదు.)

ఎదురింటి దేవిగారి అబ్బాయి సింగపూర్‌లో ఉంటాడు. రాధాకుమారి విమానం దిగిన రోజే తాయారుగారు ఆ లెక్క సరిచేశారు.

“మీవోడు సింగపూర్లో పైమంచం మీద తొంగుంటన్నాడంట గదా దేవీ. మా పిల్లకి బాల్కనీ ఇచ్చేరు. దాన్నేటి సేసుకోవాలో తెలీక బట్టలారేత్తంది.”

ఇక ముఖం సంగతి. ఆ అపార్ట్‌మెంటులో తాళాలు లేవు. కొత్తగా చేరినవాళ్ళు గేటుకి ఒకసారి ముఖం చూపించాలి. అది జ్ఞాపకం పెట్టుకుని, తర్వాత చూసినప్పుడల్లా తెరుచుకుంటుంది. రాధాకుమారి ఈ సంగతి వీడియో కాల్‌లో చెప్పింది.

“అమ్మా, ఇప్పుడెల్లి గేటుకి ఫోటో ఇవ్వాల.”

“ఇవ్వాలంటే అలాగే ఎల్లిపోతావేటే, ఏడుపుగొట్టు మొకమేసుకుని? బొట్టెట్టుకో. తనకా రాసుకో, రెండు బుగ్గలకీ గుండ్రంగా. పరాయి దేశపోళ్ళ దిష్టి మంచిది కాదు.”

తనకా అంటే చెట్టు బెరడుని సానమీద అరగదీసి రాసుకునే లేతపసుపు గంధం. బర్మాలో అందరి బుగ్గల మీదా ఉంటుంది. బొట్టు మనది. ఈ రెండూ కలిసిన ముఖాన్ని గేటు తన జీవితంలో చూడలేదు. క్షణంలో కంఠస్థం చేసేసింది.

మర్నాడు రాధాకుమారి మామూలు ముఖంతో ఆఫీసుకి వెళ్ళి, సాయంత్రం అదే ముఖంతో తిరిగొచ్చింది. “అపరిచిత వ్యక్తి. దయచేసి మీ ఇంటికి వెళ్ళండి” అంది గేటు. ఆమె వెళ్ళాలనుకుంటున్నదీ అక్కడికే.

ముఖాల విభాగం ఉపపర్యవేక్షకులు చెన్ గారు సౌమ్యులు. ఆమె తనకా లేకుండా వెళితే, “మీరెవరో మా రికార్డులో లేరు, లేనివారి ముఖం మార్చలేం” అన్నారు. తనకా రాసుకుని వెళితే, “ఈ ముఖం బాగానే పనిచేస్తోంది కదా, మార్చడం దేనికి?” అన్నారు. రెండు సమాధానాలూ నిబంధనల ప్రకారమే ఉన్నాయి.

అలా రాధాకుమారి జీవితం స్థిరపడింది. పొద్దున్న మామూలు ముఖంతో ఆఫీసుకి వెళ్ళేది. సాయంత్రం గేటు ముందు అద్దం తీసి బుగ్గలు గీసుకునేది. వాన పడితే బుగ్గలకి గొడుగు పట్టి, మిగతా ఒంటిని తడవనిచ్చేది. పళ్ళ లారీలతో అక్కడికి వెళ్ళే మా వీధి కుర్రాడు దండాసి సంచిలో తాయారుగారు నెలనెలా తనకా కర్రలు పంపేవారు. “మా పిల్ల వాడే సామానంతా ఇంపోర్టెడే” అని దేవిగారితో అన్నారు. అది నిజమే.

గేటు పక్క బెంచీ మీద వాంగ్ మామ్మ కూర్చునేది. ఆమె ముఖం మీద ముడతలు పెరిగిన కొద్దీ గేటుకి ఆమె మీద నమ్మకం తగ్గిపోయి, రోజూ మనవడు వచ్చేదాకా బయటే ఉండేది. ఒకరోజు రాధాకుమారి జాలిపడి మామ్మకి కూడా రెండు చక్రాలు గీసి, బొట్టుబిళ్ళ అంటించింది. “స్వాగతం, విదేశీ నివాసి” అంటూ గేటు తెరుచుకుంది. మామ్మ సరదాకి బయటికొచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళింది. గేటు రెండోసారీ స్వాగతించింది.

తర్వాతి వారానికి బెంచీ మీది మామ్మలందరికీ బొట్టు. పాలవాడికి బొట్టు. పార్సిల్ కుర్రాళ్ళు హెల్మెట్‌లోనే తనకా డబ్బా పెట్టుకున్నారు. రికార్డుల ప్రకారం రాధాకుమారి తెల్లవారింది మొదలు ఇంట్లోకి వెళుతూనే ఉంది, ఒకసారి వీపు మీద ఫ్రిజ్‌తో. ఇంత శ్రద్ధగా నివసించే విదేశీయురాలు జిల్లాలోనే లేదని తేలి, అపార్ట్‌మెంటు కమిటీ ఆమెకి ‘ఆదర్శ విదేశీ నివాసి’ ప్రశంసాపత్రం ఇచ్చింది. తాయారుగారు దాని ఫోటోని పెద్దది చేయించి, వీధిలోకి కనబడేలా గోడకి కొట్టించారు. దేవిగారు కొన్నాళ్ళు వెనక వీధిలోంచి బజారుకి వెళ్ళారు.

అయితే పైఆఫీసులో ఎవరో రికార్డు చదివారు. (అలాంటివాళ్ళు ప్రతి దేశంలోనూ ఒకరుంటారు.) ఒకే విదేశీయురాలు ఒకే నిమిషంలో రెండు గేట్లలోంచి లోపలికెలా వెళ్ళింది? అసలు ముఖం ఏదో ఆమె పుట్టిన ఊరి ఆఫీసు రాసివ్వాలి. ఆ కాగితం వారంలో రాకపోతే నివాసం రద్దు.

“నాన్నా, నివాసం పోతే ఉద్యోగమూ పోద్ది. ఒచ్చేత్తాను మరి” అంది రాధాకుమారి.

“ఒచ్చేత్తే దేవికేటి సెప్పాలే?” అన్నారు వెనకనుంచి తాయారుగారు.

సత్యారావుగారు ఉతికిన లుంగీ కట్టుకుని, తనకా ఉన్నదీ లేనిదీ, కూతురి రెండు ఫోటోలూ పట్టుకుని సంబంధిత ఆఫీసుకి వెళ్ళారు. తోడు నేనూ వెళ్ళాను. (ఏ ఆఫీసో చెప్పను. నాకూ అక్కడ పని పడుతుంది.) గుమాస్తా కో చో మిన్ మర్యాదస్తుడు. మాకు టీ తెప్పించాడు. తనకా ఉన్న ఫోటోని వెలుతురులో పెట్టి చూశాడు.

“చాలా బాగా రాసుకుంది. మన అమ్మాయిల్లాగే ఉంది” అన్నాడు. “ఎక్కడ పుట్టింది?”

“మా రేవు వీధిలోనే బాబూ. నేనూ ఇక్కడే పుట్టేను. మా తాత ఈ రేవులోనే బియ్యం బస్తాలు మోసేడు. మీ నాన్నా నేనూ ఒక్క బళ్ళోనే సదూకున్నాం.”

“తెలుసు ఊ సత్యారావ్. మా నాన్న మీ గురించి చెప్తూనే ఉంటారు” అన్నాడు కో చో మిన్ ఆప్యాయంగా, బర్మీస్‌లో ‘గారు’లాంటి ‘ఊ’ని పేరు ముందు చేర్చి, కాగితం టైపు మిషన్లో పెడుతూ. “ఇంతకీ మీది ఏ దేశం?”

సత్యారావుగారు టీ తాగారు. అది అప్పటికే చల్లారిపోయింది.

కాగితం గడువులోపలే ఆ ఊరికి చేరింది. రెండు ఫోటోలూ ఒక్క మనిషివేననీ, సదరు మనిషి విదేశీయురాలనీ అందులో ఉంది. చెన్ గారు దాన్ని తమ రికార్డు పక్కన పెట్టి చూసుకున్నారు. రెండు దేశాల కాగితాలు ఒక మనిషి గురించి ఇంత చక్కగా ఏకీభవించడం తన సర్వీసులో ఇదే మొదటిసారని మెచ్చుకుని, గేటు తెరిపించారు.