మామగారి గడ్డం

పదకొండింటికి అల్లుడి క్లినిక్‌కి వెళ్లడం, అతని ఎదురుగా ఐదు నిమిషాలు కూర్చోవడం, పెట్టుడు గడ్డం ఊడబీకి అప్పుడు అతని ముఖం చూసి ఆనందించడం, భోజనం వేళకి ఇంటికి చేరడం. ఆ ఉదయం మీసాల మాస్టారి పథకం ఇంతే.

మాస్టారు నలభై ఏళ్లపాటు సినిమాలకి మీసాలూ గడ్డాలూ కట్టారు. సన్నటి వలగుడ్డకి ఒక్కో వెంట్రుకా ముడివేస్తూ పోతే ఒక గడ్డానికి వారం పట్టేది. ముందురోజు టీవీలో ఆయన పనిచేసిన పాత మారువేషాల సినిమా వచ్చింది. హీరో గడ్డం పెట్టుకుని సొంత ఇంట్లోనే వంటవాడిగా చేరతాడు. చూస్తున్నంతసేపూ మాస్టారి కళ్లు మెరుస్తూనే ఉన్నాయి. పళ్ల డాక్టరైన అల్లుడు మాత్రం, "గడ్డం పెట్టుకుంటే సొంత భార్యే గుర్తుపట్టదా? అప్పటి జనం మరీ అమాయకులండీ మామయ్యగారూ," అని నవ్వేశాడు. ఆ పూట మాస్టారు అన్నం సగంలోనే లేచిపోయారు.

పొద్దున్నే పెట్టె అడుగు నుంచి తాను కట్టిన చివరి గడ్డం తీసి, జిగురు రాసి అతికించుకున్నారు. అద్దంలోంచి ఎవరో పెద్దమనిషి గంభీరంగా చూశాడు. మాస్టారు ఆయనకి నమస్కారం పెట్టబోయి ఆగారు.

క్లినిక్‌లో రిసెప్షన్ అమ్మాయి గబుక్కున లేచి నిలబడింది. అల్లుడికి పెద్దాసుపత్రిలో ఉద్యోగం ఇవ్వాలో వద్దో తేల్చడానికి ఆ రోజే ఒక పెద్ద డాక్టరు వస్తున్నారు. ఆయన్ని ఇక్కడెవరూ చూడలేదు.

"రండి సార్, మా డాక్టరుగారు మీకోసమే ఎదురుచూస్తున్నారు," అంది.

అల్లుడు తన కుర్చీలోనే కూర్చోబెట్టాడు. పదేళ్లుగా రోజూ చూస్తున్న ముఖంలోకి సూటిగా చూస్తూ, "మీ దగ్గర పనిచేసే అవకాశం వస్తే చాలండి," అన్నాడు. గొంతు వణికింది. ఆ వణుకు విని, గడ్డం మీదికి వెళ్తున్న మాస్టారి చెయ్యి ఆగిపోయింది.

"చూద్దాం," అన్నారు గొంతు మార్చి.

ఇంతలో కూతురు క్యారేజీ తెచ్చింది. "నమస్కారమండీ. మా నాన్నగారు ఉంటే మిమ్మల్ని చూసి సంతోషించేవారు. పొద్దున్నే ఎటో వెళ్లారు," అంది. మాస్టారి ఒళ్లు గర్వంతో పులకరించింది. మరుక్షణం, కన్నకూతురికే తెలియలేదే అని గుండె కలుక్కుమంది.

అసలు డాక్టరు వచ్చేసరికి రిసెప్షన్ అమ్మాయి ఆయన్ని పక్కగదిలో వాలుకుర్చీలో పడుకోబెట్టి మెడకి గుడ్డ కట్టేసింది. "నేను పేషెంటుని కాదమ్మా," అంటే, "భయపడేవాళ్లందరూ అలాగే అంటారండి," అని సముదాయించింది. పావుగంట ఓపిక పట్టి, ఆయన ఆ గుడ్డతోనే లోపలికొచ్చి తన కార్డు బల్లమీద పెట్టారు.

అల్లుడు కార్డు చదివి మాస్టారి వైపు తిరిగాడు. "మరి మీరెవరు?"

"నేనే అల్లుడుగారూ. మీ మామయ్యని."

"మా మామయ్యగారిని ఇందులోకి లాగకండి. పోలీసుల్ని పిలవాల్సి వస్తుంది."

మాస్టారు గడ్డం పట్టి లాగారు. రాలేదు. ఏళ్ల తరబడి డబ్బాలో చిక్కబడ్డ జిగురు రాయిలా బిగిసింది. మళ్లీ లాగారు. కళ్లలో నీళ్లొచ్చాయి గానీ గడ్డం కదల్లేదు. "పాపం, పెద్దాయనకి మతి చలించినట్టుంది," అంటూ కూతురు మంచినీళ్లు అందించింది.

ఇక దారి లేక మాస్టారు నోరు బార్లా తెరిచారు. అల్లుడు అలవాటుకొద్దీ వంగి చూశాడు. అలాగే ఉండిపోయాడు.

"ఎడమవైపు ఈ పన్ను నేను కట్టిందే," అన్నాడు మెల్లగా.

లైటు దగ్గరికి లాగి ఆ గడ్డం అంచులు వెతికాడు. చర్మం ఎక్కడ ఆగిందో, వల ఎక్కడ మొదలైందో అంతుపట్టలేదు. అతుకు కనబడకుండా అతకడం ఎంత కష్టమో పళ్లు కట్టేవాడికి తెలుసు. "మామయ్యగారూ, ఇదంతా చేత్తోనే కట్టారా?" అన్నాడు, గుడిలో మాట్లాడినంత నెమ్మదిగా.

పెద్ద డాక్టరు కూడా కళ్లద్దాలు సర్దుకుని వంగారు. "ఇలాంటి గడ్డాలున్న సినిమాల కోసం బడి ఎగ్గొట్టేవాణ్ణి. ఇవి కట్టే మనిషి ఒకరుంటారని ఏనాడూ తట్టలేదు," అన్నారు. అదే చూపుతో నోట్లోకీ చూసి, "ఈ పన్నుకీ అతుకు కనబడటం లేదు. సోమవారం వచ్చి చేరండి," అని అల్లుడి భుజం తట్టారు.

ఆ గడ్డం ఊడదీయడానికి మాత్రం అల్లుడు మామగారికి మూడు మత్తు ఇంజెక్షన్లు ఇవ్వాల్సి వచ్చింది.