బోర్లా పరుపు

“ఈ పరుపు నిర్దోషి,” అన్నాడు భూతద్దం, పరుపును ఓదారుస్తున్నట్టు తడుతూ. “అసలు నేరస్థుడు ఈ నాలుగు గోడల మధ్యే తిరుగుతున్నాడు. నా మెదడుకి సాయంత్రం దాకా గడువివ్వు, చాలు.”

“పది రోజులుగా ఇస్తూనే ఉన్నానండీ,” అంది భార్య, గోడ పట్టుకుని మెల్లగా లేస్తూ. “నాలుగింటికి వ్యాన్ వస్తుంది. పరుపు వెనక్కి పోతుంది. ఇక ఈ మాట మాట్లాడకండి.”

అతనిది గడియారాలు బాగుచేసే కొట్టు. కంటికి బిగించుకున్న భూతద్దం తీయడం మర్చిపోయి అలాగే ఇంటికి వచ్చేస్తుంటాడు కనక ఆ పేరు స్థిరపడిపోయింది. ఆవగింజంత చక్రంలో లోపం పట్టేవాడికి మనుషుల్లో నేరం పట్టడం ఒక లెక్కా అని అతని నమ్మకం. ఇంతవరకు అతను పట్టుకున్నవి రెండు: పోయిందనుకున్న తన గొడుగు, పక్కింటి పిల్లి. పిల్లి తరవాత నిర్దోషిగా తేలింది.

భార్య కర్టెన్లు కుడుతుంది. ఊహ తెలిసినప్పటినుంచీ ఆవిడకి బోర్లా పడుకుంటే తప్ప నిద్ర పట్టదు. పాత దూది పరుపు గుంటపడి నడుము పట్టేస్తోందని నెల కిందట లేటెక్స్ రబ్బరు పరుపు కొన్నారు. ఆ రోజు పరుపుల కొట్టాయన ఆవిణ్ణి నలుగురి ముందూ బోర్లా పడుకోబెట్టి, గోడ వంకర చూసే మేస్త్రీలా పక్కనుంచి ఒంటికన్నుతో చూశాడు.

“బోర్లా పడుకునేవాళ్ళకి పొట్ట కిందికి దిగకూడదమ్మా. దిగిందా, నడుము ఉయ్యాలైపోతుంది. గట్టి పొర పైన, మెత్తటి పొర కింద వేయిస్తాను. దిండు మాత్రం అట్టంత పల్చగా ఉండాలి.”

అలాగే చేయించి పంపాడు. నెలలోపు నచ్చకపోతే వెనక్కి తీసుకుంటానన్నాడు. ఆ నెల ఇవాళ్టితో సరి. నొప్పి మాత్రం తగ్గలేదు సరికదా రెట్టింపైంది. కుదుటపడేదాకా మిషన్ ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. సరిగ్గా ఇప్పుడే కొత్తగా తెరిచే ఆసుపత్రికి నలభై కర్టెన్ల పని వెతుక్కుంటూ వచ్చింది. ఇరవై ఏళ్ళుగా ఇరుగుపొరుగు కిటికీలకి కుట్టిన మనిషి. అంత పెద్ద పని ఇదే మొదలు. సంగతేదో సాయంత్రంలోగా చెప్పాలి. కాదనడానికి ఆవిడకి నోరు రావడం లేదు.

“అనుమానితులు ముగ్గురు,” అన్నాడు భూతద్దం, చేతులు వెనక్కి కట్టుకుని. “మొదటిది మా అమ్మ.”

బట్టలు మడతపెడుతున్న అత్తగారు తలెత్తింది. “నేనేం చేశానురా?”

“మధ్యాహ్నాలు ఈ పరుపు మీద నడుం వాల్చావా, లేదా?”

“వాల్చాను. నా నడుమే వాల్చాను కానీ నీ పెళ్ళాం నడుము కాదు కదా.”

“రెండోది నేనేనా నాన్నా?” అంది కూతురు, పుస్తకం లోంచి తల తీయకుండా. “మూడోదెవరు?”

“గుర్తు తెలియని వ్యక్తి. ప్రతి కేసులోనూ ఒకడుంటాడు.” భార్య వైపు తిరిగాడు. “నువ్వోసారి బోర్లా పడుకో.”

వాదించే ఓపిక లేక ఆవిడ పడుకుంది. ఆవిడ గుడ్డ మీద గీసుకునే సుద్ద తీసుకుని, తల నుంచి కాళ్ళ దాకా దుప్పటి మీద చుట్టూ గీత గీశాడు. ఆవిడ లేచాక అత్తగారు దగ్గరికొచ్చి ఆ బొమ్మ చూసి గుండె మీద చెయ్యేసుకుంది.

“ఎవర్రా పోయింది?”

“నీ కోడలి నడుమమ్మా. ఇది నేరస్థలం.”

తరవాత గుర్తు తెలియని వ్యక్తి పాదముద్రల కోసం మంచం చుట్టూ పౌడరు చల్లాడు.

“నాన్నా, అది నా పౌడరు. కొత్త డబ్బా.”

“న్యాయం కోసం త్యాగాలు తప్పవు తల్లీ,” అంటూ తన పనితనం దూరం నుంచి చూసుకుందామని రెండడుగులు వెనక్కి వేశాడు. రెండో అడుగు పౌడరు మీద పడింది. కాలు సర్రున జారింది. చేతికందిన పరుపు అంచు పట్టుకున్నాడు. మనిషి నేల మీద బోర్లా పడ్డాడు, పరుపు అతని మీద బోల్తా పడింది.

“దాడి జరిగింది,” అంది పరుపు కింది గొంతు. “ఎవరూ కదలొద్దు.”

అత్తగారూ మనవరాలూ కలిసి పరుపునెత్తి, పడ్డది పడ్డట్టే తిరిగి మంచం మీదికి తోశారు. ఇన్నాళ్ళూ అడుగునున్న వైపు పైకొచ్చింది. మూలన పసుప్పచ్చ చీటీ ఒకటి అతికించి ఉంది. కొట్టాయన చేతిరాత. భార్య వంగలేక వంగి చదివింది.

“బోర్లా పరుపు.”

“ఆ చీటీ నేనెప్పుడో చూశాను,” అన్నాడు భూతద్దం, మీసాల పౌడరు దులుపుకుంటూ. “పరుపొచ్చిన రోజు నువ్వింట్లో లేవుగా, నేనే వేశాను. బోర్లా అని రాశాడు కదా అని జాగ్రత్తగా బోర్లా వేశాను.”

అత్తగారు నుదురు కొట్టుకుంది.

“బోర్లా పడుకోవాల్సింది మనిషి రా నాయనా,” అంది. “పరుపు కాదు.”

“గుర్తు తెలియని వ్యక్తి దొరికాడు,” అంది కూతురు.

భార్య పరుపు దగ్గరికి జరిగింది. బరువు చూడటానికి కొత్త గుడ్డ మీద ఆనించినట్టు అరచేయి ఆనించి నొక్కింది. చెయ్యి దిగలేదు. పల్చటి దిండు లాక్కుని, బోర్లా పడుకుని కళ్ళు మూసుకుంది.

నాలుగింటికి వీధిలో హారన్ మోగింది. గభాల్న లేచి వెళ్ళి తలుపు తీసింది. పరుపుకని వచ్చిన మనిషిని చూస్తూ నిలబడ్డాక గాని గుర్తుకు రాలేదు, మంచం దగ్గర్నుంచి ఇంత దూరం గోడ పట్టుకోకుండా వచ్చానని.

“పరుపు ఇవ్వడం లేదు బాబూ. శ్రమ ఇచ్చాం,” అంది.

రాత్రి భోజనాల దగ్గర భూతద్దం గొంతు సవరించుకున్నాడు. “నేను జారకపోతే ఈ కేసు తేలేదా? అందుకే, పథకం ప్రకారమే జారాను.”

భార్య అందరికీ వడ్డించి, తనూ కూర్చుని, నీళ్ళ గ్లాసు దగ్గరికి జరుపుకుంది.

“కర్టెన్లు ఒప్పుకున్నాను,” అంది కూతురితో మామూలుగా. “నలభైకి నలభై. కబురు కూడా పంపేశాను. రోజూ కొంచెం కొంచెం కుడతాను. పని అయ్యేదాకా మధ్యాహ్నం వంట మీ నాన్న చేస్తారు.”

అత్తగారు కొడుకు వైపు చూసింది. కొడుకు కంచం వైపు చూశాడు.

“వంటింట్లో డబ్బాల మీద చీటీలు మాత్రం,” అంది ఆవిడ, “నేనే చదివి చెప్తాను.”