ఇంటిపట్టున పెరిగిన బ్యాటరీ

ఆ రోజు పొద్దున్నే యమున మీదికి మబ్బు దిగి, బురదలో పడుకున్న గేదెలా కదలకుండా ఉంది. కురవదు, పోదు. వరద సహాయ కార్యాలయంలో ఇంజనీరు పద్మనాభానికి మాత్రం ఆ పూటతో సంగతి తేలిపోవాలి. డైరెక్టరు కోదండరామయ్య స్వయంగా పడవెక్కి, మునుగుతున్న మనిషిని కాపాడే కసరత్తు ఉంది. అది సవ్యంగా జరిగితే, దేశానికి ఆ చివర ఎక్కడో ఉన్న సిల్చార్‌కు పద్మనాభం బదిలీ ఆగుతుంది. కూతురు పన్నెండో తరగతిలో ఉంది మరి.

పడవ మోటారుకు బ్యాటరీ ఎండాకాలంలో అతనే ఏరి కొన్నాడు. ఇది ఒక్క ఊపున మోటారును లేపే రకమనీ, మెల్లమెల్లగా పీలిస్తే చచ్చిపోతుందనీ, ఎప్పుడూ నిండా చార్జింగు ఉంచాలనీ కశ్మీరీ గేట్ దుకాణదారు చెప్పినదంతా తలూపుతూ విన్నాడు. ఆఫీసులో వదిలేస్తే పాడవుతుందని వైశాలిలోని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆ ఆఫీసులో భద్రంగా చూసుకోవలసిన వస్తువులన్నీ ఎవరో ఒకరి ఇంట్లోనే ఉంటాయి. భార్య సుభాషిణి దానికి డిస్టిల్డ్ వాటర్ పోసింది, టెర్మినళ్లకు వాజలీను రాసింది, బొట్టు పెట్టింది. కరెంటు పోయినప్పుడల్లా ఇన్వర్టరుకు తగిలించి రెండు ఫ్యాన్లూ టీవీ నడుపుకుంది.

"రాత్రంతా కరెంటు లేదు కదా, ఇందులో ఏమైనా మిగిలిందంటావా?" అన్నాడు పద్మనాభం, వైర్లు ఊడదీస్తూ.

"ఎలా మెరుస్తోందో చూడండి. ఈ ఇంట్లో నాకు ఇంత సేవ ఎవరు చేశారు?"

మెరుపు చూసి అతనికీ ధైర్యం వచ్చింది.

ఘాట్‌లో తాడు విప్పాక మీట నొక్కాడు. మోటారు 'టిక్' అంది. మళ్లీ నొక్కితే అదీ అనలేదు. పడవ వాలున సాగిపోయింది.

"ఏమయ్యా, చప్పుడు లేదే?" అన్నాడు డైరెక్టరు.

"కొత్త రకం సార్. నిశ్శబ్దంగా పోతుంది."

"అచ్ఛా. మరి వెనక్కి పోతోందేం?"

"మలుపు తిప్పుతోంది సార్."

మునిగే పని హోంగార్డు వీరరాఘవులుది. చెప్పిన చోట నీళ్లలో నిలబడి "బచావో" అని అరుస్తున్నాడు. పడవ అతన్ని దాటిపోయింది.

"సార్, మునిగేది ఇక్కడండీ."

"ఆగవయ్యా, వస్తున్నాం," అన్నాడు పద్మనాభం, ఇంకాస్త దూరమవుతూ.

ఎదురుగా వంతెన స్తంభం. డైరెక్టరు లైఫ్ జాకెట్ బిగించుకుని కళ్లు మూసుకున్నాడు. వీరరాఘవులు మునగడం మానేసి, ఈదుకుంటూ వచ్చి పడవను ఒడ్డుకు నెట్టాడు. ఒడ్డున జనం చప్పట్లు కొట్టారు.

పద్మనాభం కళ్లకు సిల్చార్ కనిపించింది. డైరెక్టరు మాత్రం మైకు అందుకుని, మోటారు ఆగిపోతే ఏం చేయాలో చూపించడమే నేటి కసరత్తు ఉద్దేశమని ప్రకటించాడు. తర్వాత వంగి బ్యాటరీ మీది బొట్టును తేరిపార చూశాడు.

"ఇది ఎవరింట్లో ఉంటుంది?"

"మా ఇంట్లోనే సార్. మెయింటెనెన్సుకు."

"ఎన్ని ఫ్యాన్లు?"

"రెండు సార్. ఓ టీవీ."

"ఊఁ. సిల్చార్ సంగతి మరిచిపో. ఇంకోటి కొను. దాని మెయింటెనెన్సు మాత్రం మా ఇంట్లో."

డైరెక్టరూ, పద్మనాభమూ, నీళ్లోడుతున్న వీరరాఘవులూ ఘాట్ మెట్ల మీద ఒకే వరసలో కూర్చుని పూరీకూర పొట్లాలు విప్పారు. యమున ఇంకో మెట్టు ఎక్కింది.