పెద్దసారు వస్తే ఆగే బండి

నడుస్తున్న ఇంజను ఆగిపోవడానికి లోకంలో కారణాలు మూడే: పెట్రోలు అందకపోవడం, గాలి అందకపోవడం, నిప్పు పుట్టకపోవడం. నాలుగోదాన్ని కనిపెట్టిన ఘనత మా ఆఫీసుది.

ఆఫీసు చుట్టూ పెద్ద పచ్చిక ఉంది. దాన్ని కోయడానికి కూర్చుని తోలే చిన్న ట్రాక్టరు ఉంది. తోలడానికి తాత్కాలిక డ్రైవరు ఉన్నాడు. (తాత్కాలికంగానే అతని తల నెరిసింది.) రోజంతా బండి బుద్ధిగా నడుస్తుంది. పెద్దసారు వరండా మెట్లు దిగితే చాలు, టప్పున ఆగిపోతుంది. ఆయన ఎప్పుడు చూసినా ఆగిన బండే కనబడింది. కాబట్టి బండి ఎప్పుడూ ఆగే ఉంటుందని ఆయన తేల్చారు. నెలాఖరుకల్లా బాగుపడకపోతే బండిని తుక్కులోకీ, డ్రైవరును ఇంటికీ పంపమని సెలవిచ్చారు.

మెకానిక్ వచ్చాడు. ట్యాంకు మూతకున్న సన్నటి చిల్లులోకి ఊదాడు. ఫిల్టరు దులిపాడు. ప్లగ్గు గీకాడు. తానే ఎక్కి తోలితే బండి పొద్దుగూకే దాకా ఆగలేదు. అతను చేతులు తుడుచుకుని వెళ్లాక, మర్నాడు డ్రైవరు ఎక్కాడు. పెద్దసారు వచ్చారు. ఆగింది.

అప్పుడు నిష్కారణ ఆగుదల విచారణ సంఘం పుట్టింది. సంఘం నీడన కుర్చీలు వేయించుకుని బండి స్వభావాన్ని పరిశీలించింది. ఇంజనుకు పిరికితనమని స్టోర్సు అధికారి అన్నాడు. పిరికితనం కాదు, పొగరని లెక్కల అధికారి అన్నాడు. ఇద్దరినీ నొప్పించడం ఇష్టంలేక, పెద్దసారు బండి కంట పడకుండా అడ్డంగా తెర కట్టాలని సంఘం సిఫారసు చేసింది. (కట్టారు. తెర వెనక బండి దివ్యంగా నడిచింది. ఎంత బాగా నడుస్తోందో చూద్దామని పెద్దసారు తెర తొలగించారు. ఆగింది.)

గుట్టు పట్టింది డ్రైవరు భార్య. ఆమె అన్నం క్యారేజీ తెచ్చి గట్టు మీద కూర్చుంది. బండి ఆగగానే అందరూ ఇంజను వైపు చూస్తే, ఆమె మొగుడి వైపు చూసింది.

ఆ బండి సీటు కింద ఒక స్విచ్చి ఉంటుంది. తోలేవాడు జారిపడితే బండి కింద పచ్చిక కోసే కత్తి అతని మీదికి పోకుండా, సీటు మీద బరువు తగ్గగానే అది ఇంజనును ఆపేస్తుంది. ఆ సంగతి సంఘానికి కూడా తెలుసు. సీటులో మనిషి ఉన్నాడు కదా అని అటు చూడలేదు.

"నువ్వు లేస్తున్నావు. అందుకే ఆగుతోంది," అందామె.

"నేనెక్కడ లేచానే?"

"సారు కనబడగానే నీ నడుము లేచింది. రేపు కదలకుండా కూర్చో."

"ఆయన వస్తుంటే కూర్చోనా? నాకేమైనా పిచ్చా?"

"లేస్తే బండి పాడుచేశావని పంపిస్తారు. ఇక నీ ఇష్టమయ్యా."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. డ్రైవరు రాత్రంతా ఆలోచించి, మర్నాడు సీటు అంచులు రెండు తొడలతో బిగించి కూర్చున్నాడు. పెద్దసారు వచ్చారు. నడుము లేవబోయింది. అతను పళ్లు బిగించి దాన్ని కిందికి నొక్కాడు. బండి ఆయన ముందు నుంచే గడగడలాడుతూ సాగిపోయింది. సంఘం చప్పట్లు కొట్టింది. పెద్దసారు కూడా చిరునవ్వుతో బండిని చూశారు. తరవాత బండి మీద మనిషిని చూశారు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. అందులో మొదటి పేరా, ఇంజను సంపూర్ణంగా స్వస్థత పొందినందుకు సంఘాన్ని అభినందించింది. రెండో పేరా, అధికారి ఎదుట కూర్చునే ఉన్నందుకు డ్రైవరును తొలగించింది. కాగితం అందుకోవడానికి అతను సీటులోంచి లేచాడు. బండి ఆగింది. (ఎవరూ గమనించలేదు. బాగైన బండిని మళ్లీ ఎవరు చూస్తారు?)

మర్యాద తెలిసిన కొత్త డ్రైవరు కోసం వెతుకుతున్నారు. ఈలోగా పచ్చిక మోకాలి ఎత్తు పెరిగింది. పెద్దసారు అటు నడిచినప్పుడు గాలికి కాస్త వంగుతుంది. దాని మీద ఆయనకు ఏ ఫిర్యాదూ లేదు.