ఒక్క ఓటు తక్కువ

బేస్‌బాల్ ఆడి విరమించినవారిలో ఎవరు అమరులో, ఎవరు కారో తేల్చే పవిత్ర బాధ్యత ఈ దేశంలో క్రీడా విలేఖరులది. పదేళ్లు ఆట గురించి రాస్తే ఆ ఓటు హక్కు వస్తుంది. ఆ తర్వాత పదేళ్లు ఆట చూడకపోయినా పోదు.

ఒహాయోలోని మా ఊళ్లో ఆ హక్కున్న ఏకైక మహానుభావుడు స్టాన్ క్రయెస్కీ. ఆయన మైదానంలో అడుగుపెట్టి తొమ్మిదేళ్లయింది. అందువల్ల ఏ ఆటా ఆయన తీర్పును ప్రభావితం చేయలేదు. నిష్పక్షపాతమంటే అదే.

నాది ఆటగాళ్ల సంతకాల బంతులు అమ్మే దుకాణం. ఆ ఓట్లతో కీర్తిమందిరంలోకి, అంటే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి, వెళ్లినవాడి బంతి ఒక ధర, వెళ్లనివాడిది ఇంకో ధర. అమరత్వం గురించి నాకు తెలిసింది ఇంతే.

ఆ ఏడాది అందరి కళ్లూ మా ఊరి క్యాచర్ ఆర్లో టిబెట్స్ మీదే. పంతొమ్మిదేళ్లు గొంతుక్కూర్చుని బంతులు పట్టినందుకు ఇప్పుడు మెట్లు పక్కవాటుగా దిగుతాడు. ఓటుకు పెట్టే జాబితాలో ఎవరి పేరైనా పదేళ్లే ఉంటుంది. ఆర్లోకి అది పదో ఏడు. ఓటేసే విలేఖరుల్లో నూటికి డెబ్బై అయిదు మంది ఒప్పుకోకపోతే ఇక అంతే.

స్టాన్ మొదటి ఏడు ఓటెయ్యలేదు. మొదటి ఏడే వేస్తే ఓటుకు విలువుండదట. తర్వాత ఎనిమిదేళ్లూ శీలం కారణంగా వెయ్యలేదు. ఒకసారి జట్టు ఓడిన రోజున ఆర్లో శాండ్‌విచ్ తింటూ ఆయనకు జవాబు చెప్పాడు.

డిసెంబరులో ఇద్దరూ నా దుకాణంలోనే ఎదురుపడ్డారు.

"ఏమయ్యా ఆర్లో, ఉపన్యాసం రాసుకున్నావా?"

"ఆ శాండ్‌విచ్ మీకు అరిగాక రాస్తా, పెద్దాయనా."

"ఎప్పుడో అరిగింది లేవయ్యా! నిన్ను మించిన క్యాచర్‌ని నేను చూళ్లేదు."

"ఆ ముక్క ఆ ఓటు కాగితం మీద పెట్టొచ్చుగా!"

"ఈసారి నీకు ఖాయం. ఏ విలేఖరిని అడిగినా ఇదే మాట."

ఆర్లో నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. స్టాన్ నా బల్ల మీదే కాగితం నింపాడు. పదిమందికి మించి ఓటెయ్యకూడదు. సరిగ్గా పదిమందికి వేశాడు. వాళ్లలో ఆర్లో లేడు. చివరి పేరు బకీ మోరన్ అనే మామూలు ఆటగాడిది.

"మర్చిపోయారా?" అన్నాను.

"మర్చిపోతానా! వాడికెలాగూ వస్తుంది. పాపం, బకీ మోరన్‌కి ఒక్క ఓటైనా పడకపోతే పిల్లల ముందు తలెత్తుకోగలడా? విలేఖరుల గదికి రోజూ డోనట్లు పంపినవాడు!"

నేను వ్యాపారిని. ఎదుటివాడి ఎంపికలో వేలు పెట్టను. కవరుకు తపాలా బిళ్ల లేదంటే నాదే ఇచ్చాను.

జనవరిలో ఫలితాలు చెప్పే సాయంత్రం నేను ఆర్లో ఇంటికి వెళ్లాను. ఎంపికైతే అయిదుంబావులోపు ఫోను రావాలి. ఆర్లో టై కట్టుకున్నాడు. అతని భార్య లొరెట్టా కేకు మీద "అమరుడు" అని రాయించింది. అయిదుకు ఫోను మోగింది.

"బావా, వచ్చిందా?" అంది మరదలు.

"నువ్వు పెట్టేస్తే వస్తుందేమోనమ్మా!"

ఆమె పెట్టేసింది. రాలేదు. ఆరింటికి టీవీలో చెప్పారు: కావలసినవి రెండువందల తొంభై ఒకటి, వచ్చినవి రెండువందల తొంభై. లొరెట్టా కేకును అక్షరాలు లేని వైపునుంచి కోసింది.

మర్నాడు పత్రికలో స్టాన్ వ్యాసం వచ్చింది. "ఇది జాతికే సిగ్గుచేటు. ఓటెయ్యనివారు అద్దంలో ముఖం చూసుకోవాలి" అని రాశాడు. మరో తొంభై ఏడుమంది విలేఖరులు ఓటెయ్యలేదు. వాళ్లలో చాలామంది ఇంచుమించు ఇదే రాశారు. బకీ మోరన్‌కు ఒక ఓటు వచ్చింది.

ఆ వారమే ఆర్లో చేత నలభై బంతుల మీద సంతకం చేయించాను. పేరు కింద "ఒక్క ఓటు తక్కువ" అని రాయమన్నది నేనే.

"ఆ ఒక్కటీ ఎవరిదో తెలిస్తే బావుణ్ను" అన్నాడు కలం ఆపి.

"బంతి తిప్పు. సిరా ఆరనీ" అన్నాను.

అన్యాయానికి ఇంత గిరాకీ ఉంటుందని నేనూ అనుకోలేదు. మందిరంలోకి వెళ్లినవాడి బంతికంటే ఎక్కువ ధర పలికింది. చివరి బంతి కోసం స్టాన్ కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు.

"మావాడి బంతి కదా, కాస్త తగ్గించవయ్యా."

సగం ధరకే ఇచ్చాను. ఆ సరుకు తయారీలో సగం ఆయనది. తపాలా బిళ్ల నాది గనక మిగతా సగం నేను ఉంచుకున్నాను.