టెంకాయ నిలబడిన షేరు

విడపనకల్లు మండలంలోని మా ఊరి రైతులు పెట్టుబడిదారులుగా మారారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. వాన రాకపోవడమనే చిన్న ఇబ్బంది వల్ల వారికి కావలసినంత తీరిక దొరికింది. కుళ్లాయప్ప టీ అంగట్లో పద్నాలుగు మందితో ఒక సంఘం వెలిసింది.

సంఘం ముందు రెండు కంపెనీల షేర్లున్నాయి. ఒకటి ఫోన్లో దుడ్లు పంపే చిటికె పే, రెండోది ఇంటికి సరుకులు పంపే గడపబజార్. గడపబజార్ మా ఊరికి ఇంతవరకు ఒక సబ్బుబిళ్ల కూడా తేలేదు. అధ్యక్షుడు లక్ష్మీపతికి అందులోనే గొప్పతనం కనిపించింది.

“ఇంగా మన ఊరికే రాలేదంటే, పెరిగేదానికి ఎంత జాగా ఉండాదో సూడండప్పా!”

తలలన్నీ ఊగాయి. అయినా తొందరపాటు కూడదని, బోరు పాయింటు చూసే రంగన్నను పిలిపించారు. ఆయన అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని పొలంలో నడుస్తాడు. నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుంది. ఆయన చూపిన చోట్ల ఊళ్లో పదకొండు బోర్లు వేశారు, పదకొండింట్లోనూ దుమ్మే లేచింది. టీవీ నిపుణుల సంగతీ దాదాపు అంతే కాబట్టి ఆయన అర్హత గురించి ఎవరూ అడగలేదు. బెంచీ మీద రెండు కంపెనీలకు రెండు ఫోన్లు పెట్టారు. చిటికె పే దగ్గర టెంకాయ నిలబడింది.

ఆ సాయంత్రమే, చిటికె పే షేర్లు కొనే దుడ్ల కోసం, సంఘ సభ్యుడు ఓబుళేసు ఇంట్లోని విత్తనపు శెనక్కాయలు ఆరు మూటలు నూనె మిల్లుకు బయల్దేరాయి. అవి భార్య తిమ్మమ్మ ఒక్కొక్క కాయ ఏరి దాచినవి. మిగతా పదముగ్గురూ తమ మూటల్ని అదే ట్రాక్టరుకెత్తారు.

“వాన పడితే ఏం ఇత్తుతావు?” అని తిమ్మమ్మ అడ్డం నిలబడింది.

“నీకు మార్కెట్టు తెల్దు, పక్కకు జరుగు” అన్నాడు ఓబుళేసు.

వారం తిరక్కుండా షేరు సగానికి పడింది. ఆ మరునాడు, ఏ నిపుణుణ్ణీ సంప్రదించకుండా, వాన పడింది. రెండు రోజులు కురిసి నేలంతా విత్తనానికి పదునైంది.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. టీవీలో టై కట్టుకున్న పెద్దమనిషి చెబుతున్నాడు: “వానలు బాగున్నాయి. రైతులు విత్తుతారు. పంటొస్తే పల్లెల్లో కొనుగోళ్లు పెరుగుతాయి. చిటికె పే షేర్లు అమ్మకండి.”

“రైతులు ఇత్తుతారంట! మనకేం భయం లేదు” అన్నాడు ఓబుళేసు. అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి.

తిమ్మమ్మ అంగడి ముందుకొచ్చి నిలబడింది. కోపంగా అడగాలనే వచ్చింది గానీ ఏడుపే వచ్చింది.

“ఆ రైతులు యాడుండారో సూపీండప్పా. పదును మూడు దినాలే ఉంటాది.”

ఇది మార్కెట్టుకు సంబంధించిన ప్రశ్న కాదని లక్ష్మీపతి తీర్మానించాడు. నేల ఆరిపోయేదాకా పద్నాలుగు మందీ బెంచీల మీదే కూర్చుని, పక్క ఊళ్ల రైతుల మీద నమ్మకం పెట్టుకున్నారు. పక్క ఊళ్లలోనూ ఇలాంటి సంఘాలే ఉన్నాయని తర్వాత తెలిసింది.

మీ దగ్గరా చిటికె పే షేర్లుంటే అమ్మకండి. ఎవరో ఒకరు విత్తుతారు.