నూటికి నూరు శాతం క్యాలెండరు

“ఇందుమూలంగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, నేటి నుండి ఈ కార్యాలయంలో ఏ ఒక్కరూ దేని గురించీ ‘నాకు తెలియదు’ అనరాదు!”

తూనికలు కొలతల తనిఖీ కార్యాలయం నోటీసు బోర్డు మీద ఈ ప్రకటన వెలసింది. ఊళ్ళో ఎవరి కాటా ఎంత అబద్ధమాడుతోందో తేల్చే కార్యాలయం కదా, సిబ్బంది పన్నెండు మందీ దాన్ని నిలబడి, గంభీరంగా చదివారు.

సంగతి ఇదీ. ఇకపై సమావేశాల కబుర్లు కాగితాల మీద పంపబోమని ప్రధాన కార్యాలయం తేల్చేసింది. ఒక లింకు పంపింది. దాన్ని నొక్కగానే వెబ్ క్యాలెండరు తెరుచుకునేలా ప్రతి ఒక్కరూ తమ బ్రౌజరులో అమర్చుకోవాలి. ఒకసారి అమర్చుకుంటే చాలు, ఏ సమావేశం ఎప్పటికి మారినా దానంతటదే కనిపిస్తుంది. అమర్చుకున్నామని అందరూ సంతకాలు చేయాలి.

సాయంత్రానికల్లా పదకొండు సంతకాలు పడ్డాయి! పన్నెండో గడి ఖాళీ. అది తపాలా బల్ల దగ్గర పనిచేసే బుజ్జి వాళ్ళమ్మది.

ఆవిడ ఉద్యోగం తాత్కాలికం. చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. బుజ్జికి పద్నాలుగు నెలలు. పిల్ల తుమ్మితే జలుబేమోనని భయం, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదోనని భయం. అలాంటి మనిషికి ఈ లింకొకటి వచ్చి పడింది. నొక్కితే చాలు, ఎప్పటిదో పాత ప్రోగ్రామొకటి లేచి “మీ ఖాతా వివరాలివ్వండి” అంటూ ఎదురు నిలబడుతోంది. పైగా వచ్చే సమావేశంలోనే తాత్కాలిక సిబ్బందిని ఖాయం చేస్తారట. రానివాళ్ళను ఇంటికి పంపేస్తారట.

గుండె చిక్కబట్టుకుని హెడ్ క్లర్కు దగ్గరికి వెళ్ళింది. “బాబాయిగారూ, ఇదెలా అమర్చుకోవాలండీ?”

“ఓసి పిచ్చితల్లీ! లింకు నొక్కితే క్యాలెండరు వస్తుంది. క్యాలెండరు వచ్చిందంటే లింకు నొక్కినట్టే. ఇంతకంటే విడమరిచి ఎవడు చెప్తాడు?”

“రావడం లేదండీ.”

“అయితే నొక్కడంలో లోపం!”

టైపిస్టు అక్కను అడిగింది. “అది బ్రౌజరు స్వభావాన్ని బట్టి ఉంటుందే అమ్మాయ్. నాది మెతక, చెప్పగానే వినేసింది. నీది కాస్త మొండి.”

మేనేజరుగారైతే నేరుగా కాగితం ముందుకు తోశారు. “ముందు సంతకం పెట్టమ్మా. అమర్చుకోవడానికేం, జీవితమంతా ఉంది!”

చేయనిది చేశానని రాస్తే పోలీసులొస్తారేమోనని ఆవిడ సంతకం పెట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళాక వెబ్ క్యాలెండరు తెరిచి, తెర మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ కూడబలుక్కుంటూ చదవసాగింది. చిరునామా గడి పక్కన, ఓ మూల, గుర్తు ఒకటి బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉంది. దాన్ని నొక్కింది. “క్యాలెండరు లింకులన్నీ ఇక మీదట ఈ సైటులోనే తెరవనివ్వాలా?” అని అచ్చతెలుగులో అడిగింది! కింద రెండు మాటలు: “అనుమతించు”, “వద్దు”. కళ్ళు మూసుకుని మొదటిది నొక్కింది.

అంతే! లింకు పెళ్ళికూతురిలా తలవంచుకుని వచ్చి క్యాలెండరులో కూర్చుంది. ఖాయం చేసే సమావేశం, గురువారం, పదకొండు గంటలు. బుజ్జి వాళ్ళమ్మ వెళ్ళి సంతకం పెట్టింది. నూటికి నూరు శాతం!

మంగళవారం చూసేసరికి గురువారం కాస్తా బుధవారమైంది, పదకొండు పదైంది. గాభరాగా హెడ్ క్లర్కు దగ్గరికి పరిగెత్తింది.

“బాబాయిగారూ, మార్పు చూశారా?”

హెడ్ క్లర్కు కనుబొమ్మ కూడా కదపలేదు. “నిన్ననే చూశానమ్మా.”

“అక్కా, మీరూ?”

“నీకంటే ముందే!”

ఏం మార్పు అని అడిగితే చూడనట్టు బయటపడిపోతుంది కదా! అందుకని ఎవరూ అడగలేదు. తెలిసిన పెద్దవాళ్ళకు మళ్ళీ చెప్తే ఏమనుకుంటారోనని ఆవిడా చెప్పలేదు. “అయితే సరాసరి హాలుకే వచ్చేస్తానండీ,” అంది మేనేజరుగారితో. “రా, రా,” అన్నారాయన, ఎప్పుడో ఎక్కడో అడగకుండా.

బుధవారం పది గంటలకు ప్రధాన కార్యాలయం హాల్లో పన్నెండు కుర్చీలు, ఒకే వరుస. ఒక కుర్చీలో బుజ్జి వాళ్ళమ్మ. పదకొండింటిలో గాలి.

తలుపు తెరుచుకుని పెద్ద అధికారి వచ్చారు. చంకలో చిన్న దిండు! ఆవిణ్ణి చూసి ఉలిక్కిపడి, దిండును వెనక్కి దాచి, “ఎవరమ్మా?” అన్నారు.

“సమావేశానికండీ. ఇవాళ్టికి మార్చారు కదా.”

“ఆఁ... సమావేశం! మార్చింది నేనే కదా!” దిండు మెల్లగా బల్ల కిందికి జారింది. “మరి మిగతావాళ్ళేరీ? సగం మందైనా లేకపోతే సమావేశం జరిగినట్టు కాదు. జరక్కపోతే నిన్ను ఖాయం చేయలేను.”

ఆవిడ వెంటనే మేనేజరుగారికి ఫోను చేసింది. కంగారులో వేలు తగిలి స్పీకరు మోగింది.

“సార్, నేను హాల్లో ఉన్నాను. మీరు కనబడలేదు...”

అటువైపు కత్తెర టకటకలాడింది. “హాల్లోనే ఉన్నానమ్మా! ముందు వరుసలో, పెద్ద అధికారిగారి పక్కనే! నువ్వు వెనక వెతికితే ఎలా కనబడతాను? ...చెవి పక్క కాస్త తగ్గించవయ్యా!”

పెద్ద అధికారి తన పక్క కుర్చీని తడిమి చూసుకున్నారు. తర్వాత కళ్ళు మెరిశాయి. “ఇంకొకరికి చెయ్యి!”

టైపిస్టు అక్క వెనక కుక్కరు కూత వేసింది. “ష్! మీటింగులో ఉన్నానే, అందరూ నన్నే చూస్తున్నారు!” హెడ్ క్లర్కు బస్సులో ఉన్నాడు. “నేనే మాట్లాడుతున్నానమ్మా వేదిక మీద! ...టిక్కెట్టు తీసుకున్నానయ్యా!” ఇలా పదకొండు మందీ ఒకరి తర్వాత ఒకరు హాల్లోనే ఉన్నామని ఒట్టేసి మరీ చెప్పారు.

“నిండు సభ!” అన్నారు పెద్ద అధికారి. హాజరు పట్టీలో పన్నెండు అని వేసి, బుజ్జి వాళ్ళమ్మ ఉద్యోగం ఖాయమైనట్టు అక్కడికక్కడే ఉత్తర్వు రాసి సంతకం చేశారు. ఆవిడకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

మర్నాడు ఉదయం తపాలా బల్ల మీదికి పదకొండు కవర్లొచ్చాయి. ఖాయమైన ఉద్యోగంలో ఆవిడ తొలి పని వాటిని పంచడం. ఒక్కో కవరులో ఒకటే వాక్యం:

“నిన్నటి సమావేశంలో పెద్ద అధికారి సమక్షంలో కూర్చుని, సెల్ ఫోనులో మాట్లాడినందుకు మూడు రోజుల్లోగా సంజాయిషీ ఇచ్చుకోవలెను.”